టూ రోనీస్ డీవీడీ సెట్: 1976 నాటి ఇనుప సామాన్ల కొట్టు

మా నాన్న తెనాలిలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఇనుప సామాన్ల కొట్టు నడిపాడు. మేకులు, గొళ్ళాలు, పారలు, తాళంకప్పలు, పంపు వాషర్లు, కిరసనాయిలు స్టవ్ పిన్నులు, ఏది అడిగినా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. రెండేళ్ళ కిందట చలికాలంలో నాలుగు నెలలు మా దగ్గర ఉందామని ఇంగ్లండ్‌లో మేముండే లెస్టర్ ఊరికి వచ్చాడు. నాలుగు గంటలకే చీకటి పడిపోయే ఊళ్ళో ఆయనకి పొద్దు ఎలా గడపాలో తెలియక, ఒక సాయంత్రం నేను కొత్తగా కొన్న టూ రోనీస్ డీవీడీ ఒకటి పెట్టాను. రోనీ బార్కర్, రోనీ కార్బెట్ అన్న ఇద్దరు హాస్యనటులు చేసిన పాత బీబీసీ కార్యక్రమం అది. అందులో మొదట చూపించింది ఫోర్ క్యాండిల్స్ అన్న స్కెచ్, అంటే చిన్న హాస్య నాటిక. ఇంగ్లీషు చదవగలడు కానీ తెల్లవాళ్ళు గబగబా మాట్లాడితే అందదు కదా, రెండు నిమిషాల్లో లేచి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

స్కెచ్ తెలియని వాళ్ళకి కొంచెం చెప్పాలి. పాతకాలపు ఇనుప సామాన్ల కొట్టు, వెనక గోడ నిండా సొరుగులు, డబ్బాలు, ఒక నిచ్చెన. కౌంటర్ వెనక పొట్టిగా, కళ్ళజోడు పెట్టుకుని రోనీ కార్బెట్. ఇవతల కొనటానికి వచ్చిన కూలీమనిషిగా రోనీ బార్కర్, చేతిలో సామాన్ల చీటీ. అతను అడిగింది కార్బెట్‌కి 'ఫోర్ క్యాండిల్స్' అని వినపడుతుంది. నాలుగు కొవ్వొత్తులు తెచ్చి పెడతాడు. కాదు, అతనికి కావలసింది ఫోర్క్ హ్యాండిల్స్, అంటే తోటలో మట్టి తిరగేసే పంగల పారకి వేసే కర్రపిడి. లండన్ చుట్టుపక్కల మామూలు జనం మాటల్లో 'హ' పలకరు. అందుకని హ్యాండిల్స్ కాస్తా ఆండిల్స్ అవుతుంది, ఫోర్క్ చివరి 'క్' వచ్చి దానికి అతుక్కుంటుంది, విన్నవాడికి నాలుగు కొవ్వొత్తులే వినపడతాయి. అక్కడినుంచి ప్రతి వస్తువూ ఇంతే. ప్లగ్గులు అంటే స్నానాల తొట్టిలో పెట్టేవా, కరెంటువా. 'ఓస్' అంటే ముందు మట్టి గీసే పార తెస్తాడు, తర్వాత నీళ్ళ గొట్టం తెస్తాడు, తర్వాత ఆడవాళ్ళ మేజోళ్ళు తెస్తాడు. చివరికి తేలేదేమిటంటే ఇంటి గేటు మీద పేరు రాయటానికి 'ఓ' అక్షరాలు కావాలట. నిచ్చెనెక్కి అక్షరాల డబ్బా దించి, రెండు ఓలు ఇచ్చి, డబ్బా మళ్ళీ పైన పెట్టి దిగి వస్తాడు. అప్పుడు బార్కర్ 'పీస్' అంటాడు.

అక్కడ మా నాన్న పెద్దగా నవ్వాడు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వటం నేను చూడలేదు. కార్బెట్ ఇంకా నిచ్చెన వైపు తిరగనే లేదు, ఈయన ఇక్కడ "అయిపోయాడు పాపం, మళ్ళీ ఎక్కాల" అంటున్నాడు. ఇంతా చేసి ఆ డబ్బా మళ్ళీ దించాక, బార్కర్‌కి కావలసింది 'పీ' అక్షరాలు కాదు, బఠాణీల డబ్బాలు. నాన్న కళ్ళు తుడుచుకుంటూ నాతో ఒక మాట అన్నాడు. "వాడి తప్పేం లేదమ్మా, వీడి తప్పూ లేదు. ఒకడికి నిజంగానే సామాన్లు కావాలి, ఇంకోడు నిజంగానే ఇద్దామనుకుంటున్నాడు."

ఈ జంట గురించి ఇంగ్లీషులో చాలా చదివాను, యూట్యూబ్‌లో విశ్లేషణలు కూడా చూశాను. ఇంత సూటిగా చెప్పిన మాట నాకు ఇంకెక్కడా కనపడలేదు. ఈ రివ్యూ రాయటానికి కారణం కూడా అదే. మొత్తం సెట్ చూడటం అయిపోయింది, కొన్ని రెండుమూడుసార్లు చూశాం, ఎవరైనా కొనాలా వద్దా అని అడిగితే చెప్పటానికి నా దగ్గర బోలెడు ఉంది.

ముందు వివరాలు. ది టూ రోనీస్ బీబీసీ 1లో 1971 ఏప్రిల్ 10న మొదలైంది, 1987 క్రిస్మస్ రోజు ప్రసారంతో ఆగింది. మొత్తం పన్నెండు సిరీస్‌లు, పైన క్రిస్మస్ స్పెషల్స్. శనివారం రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే కార్యక్రమం, మంచి రోజుల్లో కోటిమందికి పైగా చూసేవాళ్ళు. మా పక్కింటి ముసలావిడ ఇప్పటికీ ఆ మొదటి సంగీతం వినగానే చిన్నప్పటి సోఫా గుర్తొస్తుందంటుంది. ఆ సంగీతం కట్టింది రోనీ హేజిల్‌హర్స్ట్, అంటే మూడో రోనీ. ప్రతి ఎపిసోడ్‌కీ ఒకటే వరస. ఇద్దరూ వార్తలు చదివేవాళ్ళలాగా బల్ల వెనక కూర్చుని ఉత్తుత్తి వార్తలు చదువుతారు, తర్వాత స్కెచ్‌లు, బార్కర్ ఒంటరిగా ఏదో సంఘం ప్రతినిధిగానో అధికారిగానో ప్రసంగం, ఒక పాట, కార్బెట్ కుర్చీ కబుర్లు, వారం వారం నడిచే సీరియల్, ఆఖర్న వేషాలు కట్టి పాడే పెద్ద పాటల అంశం. మళ్ళీ బల్ల దగ్గరికొచ్చి ఒకరు "ఇట్స్ గుడ్‌నైట్ ఫ్రమ్ మీ" అంటే రెండోవారు "అండ్ ఇట్స్ గుడ్‌నైట్ ఫ్రమ్ హిమ్" అంటారు. ఈ ఒక్క ముక్క బ్రిటన్‌లో ఇప్పటికీ జనం నోట్లో ఉంది. మా ఆఫీసులో శుక్రవారం మీటింగ్ చివర ఇద్దరు పెద్దవాళ్ళు ఇదే చెప్పుకుని లేస్తారు, నాకు నాలుగేళ్ళు పట్టింది అదెక్కడిదో తెలియటానికి.

ఇద్దరు హాస్యనటుల జంట అంటే మనకి ఒక అలవాటు ఉంది. ఒకడు తెలివైనవాడు, ఒకడు అమాయకుడు. ఒకడు కొడతాడు, ఒకడు తింటాడు. మన వెండితెర మీదా అంతే, వీళ్ళ దేశంలోనూ చాలా జంటలు అంతే. ఈ ఇద్దరిలో అది లేదు. ఒక స్కెచ్‌లో బార్కర్ విసిగిస్తాడు, తర్వాతదాంట్లో కార్బెట్. నవ్వు ఎవరికి వస్తుందన్న లెక్క వాళ్ళకి ఉన్నట్టే కనపడదు. దీనికి కారణం నాకు తోచింది ఒకటుంది. వీళ్ళు ఎప్పుడూ పుట్టుకతో జంట కాదు. ఇద్దరూ విడివిడిగా నటులు, విడివిడిగా సొంత సీరియల్స్ ఉన్నవాళ్ళు, బార్కర్‌కి పారిడ్జ్, ఓపెన్ ఆల్ అవర్స్, కార్బెట్‌కి సారీ. ఏడాదిలో కొంతకాలం కలిసి పనిచేసి మళ్ళీ ఎవరి దారి వాళ్ళు. ఒకరి మీద ఒకరు ఆధారపడలేదు గనక ఒకరిని ఒకరు తొక్కాల్సిన అవసరమూ రాలేదు.

1960ల్లో టీవీ వ్యాఖ్యాత డేవిడ్ ఫ్రాస్ట్ నడిపిన ది ఫ్రాస్ట్ రిపోర్ట్‌లో ఇద్దరూ కలిసి పనిచేశారు. అందులో 1966లో వచ్చిన వర్గాల స్కెచ్ ఇప్పటికీ ప్రసిద్ధం. పొడుగ్గా జాన్ క్లీజ్ పైవర్గం, మధ్యలో బార్కర్ మధ్యతరగతి, చివర ఐదడుగుల ఒక అంగుళం కార్బెట్ కూలివర్గం. పైవాడు ఇద్దరినీ కిందికి చూస్తాడు, మధ్యవాడు పైకీ కిందికీ చూస్తాడు, కార్బెట్‌కి మాత్రం "ఐ నో మై ప్లేస్" అన్న మాట. ముగ్గురు నిలబడిన ఎత్తులోనే ఒక దేశపు సంగతంతా చెప్పేశారు. ఇది ఈ సెట్‌లో లేదు, విడిగా చూడండి. చూశాక టూ రోనీస్‌కి వస్తే, మధ్యవాడూ చివరివాడూ కలిసి తమ సొంత కొట్టు పెట్టుకున్నట్టుంటుంది.

వీళ్ళకి బీబీసీలో సొంత షో ఎలా వచ్చిందన్న కథ కూడా చెప్పాల్సిందే. లండన్ పల్లాడియం థియేటర్‌లో ఒక అవార్డుల కార్యక్రమం జరుగుతుంటే సాంకేతిక లోపం వచ్చి అంతా ఆగిపోయింది. వేదిక మీద ఉన్న ఈ ఇద్దరూ అప్పటికప్పుడు ఏదేదో చెబుతూ కొన్ని నిమిషాలు జనాన్ని నవ్వించారు. ముందు వరసలో బీబీసీ వినోద విభాగం పెద్ద బిల్ కాటన్ ఉన్నాడు. వాళ్ళని ఆయన బీబీసీకి తెచ్చుకున్నాడు.

ఇంకో కథ నాకు ఇంతకన్నా ఇష్టం. టూ రోనీస్‌కి ముందు ఇద్దరూ చేసిన ఫ్రాస్ట్ ఆన్ సండే అన్న షోలో జెరాల్డ్ వైలీ అన్న రచయిత పేరు మీద స్కెచ్‌లు వచ్చేవి. అతను ఎవరికీ కనపడడు, బయటికి రాడు, ఏజెంటు ద్వారా కాగితాలు మాత్రం వస్తాయి, అవి బ్రహ్మాండంగా ఉంటాయి. ఎవరై ఉంటారా అని అందరూ తలలు పట్టుకున్నారు, పేరున్న నాటక రచయితలెవరో మారుపేరుతో రాస్తున్నారని కూడా అనుకున్నారు. చివరికి ఒక చైనీస్ రెస్టారెంటులో యూనిట్ అందరినీ భోజనానికి పిలిచి, బార్కర్ లేచి నిలబడి వైలీని నేనే అన్నాడు. తను నటుడు కాబట్టి మొహమాటానికి తన రాతల్ని ఎవరూ మెచ్చుకోకూడదు, బాగుంటేనే తీసుకోవాలి, బాగోకపోతే చెత్తబుట్టలో వెయ్యాలి, అదీ ఆయన పట్టుదల. ఫోర్ క్యాండిల్స్ రాసింది ఈ వైలీయే. 1976 సెప్టెంబరులో ప్రసారమైంది. దాని మూలం కూడా నిజం కొట్టే. మిడిల్‌సెక్స్‌లోని హేస్ అన్న ఊళ్ళో ఇనుప సామాన్ల కొట్టు వాళ్ళు తమ దగ్గర జరిగిన ఇలాంటి పొరపాట్లు రాసి పంపితే బార్కర్ వాటిమీద అల్లాడు. ఇది చెప్పినప్పుడు నాన్న ఆశ్చర్యపోలేదు. "కొట్లో కూర్చోనోడు రాయలేడమ్మా ఇది, ఎవరో కూర్చున్నోళ్ళు చెప్పుంటారు" అని అంతకుముందే అన్నాడు.

బార్కర్ చేతిరాతలో ఉన్న ఆ స్కెచ్ కాగితాలు 2007లో వేలంలో 48,500 పౌండ్లకి పోయాయి. నాలుగు పేజీల హాస్యానికి.

మాటల మీద ఆడే హాస్యం కాబట్టి తెలుగువాళ్ళకి ఎంత అందుతుందన్న అనుమానం నాకు మొదట్లో ఉండేది. ఇప్పుడు లేదు. 'హ' మింగేయటం మనకి తెలియనిదా? హాస్పిటల్‌ని ఆస్పత్రి చేసుకున్న జాతి మనది. శ్లేష మనకి కొత్తా? చిన్నప్పుడు బళ్ళో చదువుకున్న పద్యాల్లో సగం అదే. ఈ స్కెచ్‌ని తెలుగులో పెడితే ఎలా ఉంటుందని నాన్న, నేను ఒక రాత్రి కూర్చున్నాం. ఉన్నదున్నట్టు తెస్తే చచ్చిపోతుంది, నాలుగు కొవ్వొత్తులకీ కర్రపిడికీ మన భాషలో చుట్టరికం లేదు. అప్పుడు నాన్నే చెప్పాడు. ఒకడు కొట్టుకొచ్చి "నూరురాళ్ళు ఉన్నాయా" అంటాడు. కొట్టువాడు చెమటలు కక్కుకుంటూ గుమ్మం బయటి కుప్పలోంచి వంద రాళ్ళు లెక్కపెట్టి తెస్తాడు. వాడికి కావలసింది మందు నూరుకునే రాళ్ళు, రెండు. నాకు తెలిసి ఇది టూ రోనీస్ పద్ధతికి సరిగ్గా సరిపోయే తెలుగు జోకు. మా నాన్న తయారు చేశాడు.

ఒక్క జాగ్రత్త. ఈ స్కెచ్ మొదటిసారి చూసేటప్పుడు సబ్‌టైటిల్స్ ఆపేయండి. మనలో చాలామందికి ఇంగ్లీషు కార్యక్రమాలు సబ్‌టైటిల్స్‌తోనే అలవాటు, నాకూ అంతే, కానీ ఇక్కడ అక్షరం పడిందంటే జోకు పోయినట్టే. చెవికి రెండుగా వినపడాల్సిన మాటని స్పెల్లింగ్ ఒకటి చేసేస్తుంది. అర్థం కాకపోతే రెండోసారి పెట్టుకుని చూడండి.

దీనికి సరిగ్గా తిరగేసినది స్వీడిష్ భాష నేర్పే స్కెచ్. రెస్టారెంటులో వెయిటరు, కొనటానికి వచ్చినాయన ఏదో విదేశీ భాష మాట్లాడుతున్నట్టు యాసగా మాట్లాడతారు, కింద అక్షరాలు పడుతుంటాయి. 'ఎఫ్ యు ఎన్ ఈ ఎక్స్?' అని పడుతుంది. గబగబా చదివితే 'హావ్ యు ఎనీ ఎగ్స్', గుడ్లున్నాయా అని. 'ఎస్, వి ఎఫ్ ఎక్స్.' ఉన్నాయి. ఇక్కడ సబ్‌టైటిలే హాస్యం, అది లేకపోతే ఏమీ లేదు. ఒకే జంట, ఒకసారి చెవితో ఆడుకున్నారు, ఒకసారి కంటితో. మా పదకొండేళ్ళ అబ్బాయికి మొత్తం సెట్‌లో ఇదే ఇష్టం. ఇప్పుడు మా ఫ్రిజ్ మీద చీటీలన్నీ ఇలా విడి అక్షరాల్లోనే ఉంటాయి.

మాస్టర్‌మైండ్ స్కెచ్ గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే నా లెక్కలో ఫోర్ క్యాండిల్స్ కన్నా కూడా ఇదే గొప్పది. 1980లో వచ్చింది, రాసింది డేవిడ్ రెన్‌విక్. మాస్టర్‌మైండ్ అంటే నల్లటి కుర్చీలో కూర్చోబెట్టి గబగబా ప్రశ్నలడిగే బీబీసీ క్విజ్. బార్కర్ ప్రశ్నలడుగుతాడు. కార్బెట్ పోటీకొచ్చినవాడు. అతను ఎంచుకున్న అంశం ఏమిటంటే, ప్రతిసారీ ఇప్పుడు అడిగిన ప్రశ్నకి కాకుండా దానికి ముందు ప్రశ్నకి జవాబు చెప్పటం. అంతే. పాలియోంటాలజీ అంటే ఏమిటని అడుగుతారు. తర్వాత, ప్రభువంశాల వాళ్ళ పేర్లన్నీ ఉండే పుస్తకం ఏదని అడుగుతారు. జవాబు: పాత శిలాజాల అధ్యయనం. మొదటి ప్రశ్నకి సరైన జవాబే, రెండో ప్రశ్నకి పడి ప్రభువులందరూ శిలాజాలైపోయారు. తర్వాత లెన్ ముర్రే, సర్ జెఫ్రీ హౌ ఎవరని ప్రశ్న. జవాబు 'బర్క్స్'. అది పుస్తకం పేరు, కానీ ఇంగ్లీషు వాడుకలో బర్క్ అంటే దద్దమ్మ. తర్వాత డాంకీకీ యాస్‌కీ (రెండూ గాడిదే) తేడా ఏమిటంటే జవాబు, ఒకరు కార్మిక సంఘం నాయకుడు, ఇంకొకరు మంత్రివర్గ సభ్యుడు.

ఎవరినీ ఒక్క మాట కూడా అనలేదు చూడండి. ప్రతి జవాబూ నిజం. తప్పు చోట పడిన నిజం. ఆ రోజుల్లో దేశాన్ని రెండుగా చీల్చిన రాజకీయంలో, సంఘం నాయకుడికీ ఆర్థికమంత్రికీ సమానంగా తగిలింది, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేరు. రాయటం ఎంత కష్టమో ఊహించండి, ప్రతి జవాబు రెండు తాళాలకి పట్టే తాళంచెవి అయ్యుండాలి. ఇక పలకటం? కార్బెట్ ఎక్కడా తడుముకోడు, బార్కర్ ఎక్కడా నవ్వడు, వేగం ఒక్క క్షణం తగ్గినా చూసేవాళ్ళకి ముందు ప్రశ్న మర్చిపోతుంది. నాన్నకి ఇది మొదట అందలేదు. నేను ఒక కాగితం మీద ఎడమపక్క ప్రశ్నలు, కుడిపక్క జవాబులు తెలుగులో రాసి, అడ్డంగా బాణం గీతలు గీశాను. కాగితం చేతిలో పట్టుకుని మళ్ళీ చూశాడు. ఈసారి నవ్వలేదు, తల ఊపుతూ "అవధానం చేస్తున్నాడే" అన్నాడు. నాకు అంతకంటే మంచి మెప్పు తోచలేదు.

కార్బెట్ కుర్చీ కబుర్ల గురించి నా అభిప్రాయం చూస్తూ చూస్తూ మారింది. మొదట్లో ముందుకి నెట్టేసేదాన్ని. పెద్ద కుర్చీలో చిన్న మనిషి, స్వెట్టరు వేసుకుని, ఒక మామూలు జోకు మొదలుపెట్టి మధ్యలో భార్య సంగతి, నిర్మాత సంగతి, ఏదో డాక్టరు సంగతి, ఎక్కడెక్కడో తిరిగి నాలుగైదు నిమిషాల తర్వాత జోకు ముగిస్తాడు. ఆ జోకు నిజానికి పాతదే అయ్యుంటుంది. ఇందులో ఏముందనుకున్నాను. నాలుగో డిస్క్ దగ్గర అర్థమైంది, ముగింపు కోసం కాదు, దారి కోసం వినాలని. మా ఊళ్ళో అరుగు మీద కూర్చుని సంతకెళ్ళిన కథ చెప్పటానికి గంటసేపు తీసుకునే పెద్దవాళ్ళు ఉండేవాళ్ళు, ఆ పద్ధతే ఇది. అవి స్పైక్ మలిన్స్ రాసేవాడు, తర్వాత రెన్‌విక్ రాశాడు. ప్రతి అడ్డదారీ కాగితం మీద ఉన్నదే, కానీ అప్పుడే గుర్తొచ్చినట్టు చెబుతాడు కార్బెట్.

బార్కర్ ఒంటరి ప్రసంగాలు దీనికి ఎదురు. ఆయన సొంత మనిషిగా, రోనీ బార్కర్‌గా జనం ముందు నిలబడటానికి ఇబ్బందిపడే మనిషి. ఏదో ఒక వేషం ఉంటేనే నోరు తెరుచుకునేది. మాటలు నోట్లో తలకిందులయ్యే వాళ్ళ సంఘానికి పెద్దగా వచ్చి చందాలడిగే ప్రసంగం చూడండి. ఒక్కో మాటలో అక్షరాలు అటూ ఇటూ మారిపోతుంటాయి, మారిన ప్రతి మాటకీ ఇంకో అర్థం వస్తుంది, ముఖం మాత్రం బ్యాంకు మేనేజరులా గంభీరం. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకి పండగ. రానివాళ్ళకి చాలా కష్టం, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

ఇప్పుడు బాగోలేనివి. అన్నీ బంగారమని చెబితే నమ్మరు, చెప్పటం తప్పు కూడా. సీరియల్స్ నాకు ఎక్కలేదు. 1980లో వచ్చిన ది వర్మ్ దట్ టర్న్డ్ కథ ఏమిటంటే, 2012లో ఇంగ్లండ్‌ని ఆడవాళ్ళు పాలిస్తుంటారు, మగవాళ్ళు గౌన్లు వేసుకుని వంటింట్లో ఉంటారు. నటి డయానా డార్స్ అందులో పోలీసు పెద్ద. ఆడవాళ్ళ చేతికి అధికారం వస్తే లోకం తలకిందులన్న ఒక్క ఊహ మీద వారాలు వారాలు నడిపారు, పైగా ఆ పోలీసు అమ్మాయిలందరికీ పొట్టి నిక్కర్లు. కూతురిగా నాన్న పక్కన కూర్చుని చూడటం ఇబ్బందిగా అనిపించి ఆపేశాను. తర్వాత ఒక్కదాన్నే చూసినా అభిప్రాయం మారలేదు. స్కెచ్‌లలో కూడా అమ్మాయిలు అలంకారానికి వచ్చి పోవటమే ఎక్కువ. వేరే దేశాలవాళ్ళ వేషం, యాస వేసి నవ్వించేవి కొన్ని ఉన్నాయి, అవి ఇవాళ చూస్తే మనసు చివుక్కుమంటుంది, ముఖ్యంగా ఈ దేశంలో మన యాసని అలాగే వెక్కిరించగా విన్నవాళ్ళకి. మాటల్లో అంత న్యాయంగా ఉన్న మనుషులు ఇక్కడ ఎందుకు ఆగలేదో అనిపించింది. ఆ కాలం అలాంటిదని సర్దిచెప్పను. పిల్లలతో చూసేటప్పుడు ముందు మీరు చూసుకోండి.

ఆఖరి పాటల అంశాలు మీ ఓపికని బట్టి. పాత ఇంగ్లీషు పాటల బాణీలు తెలిసి ఉంటే వాటికి కట్టిన కొత్త మాటలు నవ్విస్తాయి, లేకపోతే పది నిమిషాలు వేషాలు చూడటమే. వేషాలకి మాత్రం పెట్టిన ఖర్చు, శ్రద్ధ తెరమీద కనపడుతుంది.

ఇక సెట్ సంగతి. నేను ఆన్‌లైన్లో వాడిన సెట్ కొన్నాను. అమ్మినవాళ్ళు గీతలు లేవని రాశారు, వచ్చాక ఒక డిస్క్ సగంలో ఆగిపోతోంది, రాస్తే జవాబు లేదు. వాడినవి కొనేవాళ్ళు ఒక్కో డిస్క్ వెలుతురులో తిప్పి చూసే వీలున్న చోట కొనండి, ఇక్కడ ఛారిటీ షాపుల్లో విడి సిరీస్‌లు తరచూ దొరుకుతాయి. బొమ్మ నాణ్యత ఆ కాలం టీవీదే. స్టూడియోలో తీసినవి శుభ్రంగా ఉంటాయి, బయట ఫిల్ములో తీసినవి మసకగా, గరుగ్గా ఉంటాయి, తేడా స్పష్టంగా తెలుస్తుంది. మాటలు మాత్రం ఎక్కడా పోలేదు, ఈ షోకి కావలసింది అదే. ఇండియాకి తీసుకెళ్ళేవాళ్ళకి ముఖ్యమైన సంగతి, డీవీడీలకి ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే రీజియన్ నంబరు ఉంటుంది, బ్రిటన్ డిస్కులు రీజియన్ 2, మన దేశానిది రీజియన్ 5. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ లేకపోతే పెట్టినా తిరగవు. అసలు కొనాలా అని సందేహం ఉంటే బీబీసీ వాళ్ళే యూట్యూబ్‌లో పెట్టిన స్కెచ్‌లు కొన్ని ఉన్నాయి, ముందు ఫోర్ క్యాండిల్స్, మాస్టర్‌మైండ్ చూడండి. ఆ రెండూ నచ్చకపోతే సెట్ కొనొద్దు. రెండిట్లో ఒకటి నచ్చినా కొనొచ్చు.

చూసే వరస గురించి ఒక మాట. మొదటి సిరీస్ నుంచి వరసగా చూడకండి. 70ల మధ్య నుంచి 80ల మొదటి వరకూ ఉన్నవి ముందు చూడండి, చెయ్యి తిరిగిన కాలం అది. ఒక రాత్రికి ఒక్క ఎపిసోడ్ చాలు. రెండు వరసగా చూస్తే ఆ ఒకే వరస విసుగు పుట్టిస్తుంది, వారానికొకటి చూడటానికి చేసిన షో అది.

1987లో బార్కర్ విరమించాడు. పేరు తగ్గి కాదు, ఇక చాలనుకున్నాడు. చిప్పింగ్ నార్టన్ అన్న ఊళ్ళో భార్యతో కలిసి పాత వస్తువుల కొట్టు పెట్టుకున్నాడు. అంత పెద్ద నటుడు కౌంటర్ వెనక కూర్చుని వచ్చినవాళ్ళకి పాత సామాన్లు అమ్మాడన్న సంగతి నాన్నకి మిగతా అన్నిటికన్నా నచ్చింది. 2005లో ఇద్దరూ మళ్ళీ బల్ల వెనక కూర్చుని పాత స్కెచ్‌లు పరిచయం చేశారు. ఆ ఏడాది క్రిస్మస్ కార్యక్రమాన్ని బార్కర్ ఆరోగ్యం బాగోలేక వేసవిలోనే తీసేశారు. అక్టోబరు 3న ఆయన పోయాడు, క్రిస్మస్‌కి అది ప్రసారమైంది. ఆ తర్వాత మార్చిలో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఆయన సంస్మరణ ప్రార్థన జరిగింది. మామూలుగా శిలువ వెంట రెండు కొవ్వొత్తులు నడుస్తాయి. ఆ రోజు నాలుగు నడిచాయి. కార్బెట్ 2016 మార్చి 31న పోయాడు.

నాన్న తెనాలి వెళ్ళేటప్పుడు ఫోర్ క్యాండిల్స్ ఉన్న డిస్క్ పెట్టెలో పెట్టుకున్నాడు. రీజియన్ సంగతి నాకు అప్పుడు తెలియదు, ఇంట్లో ప్లేయర్‌లో అది తిరగలేదు. కొట్టు ఇప్పుడు మా పెదనాన్న కొడుకు చూస్తున్నాడు. నాన్న యూట్యూబ్ లింకు అన్నయ్య ఫోనులో పెట్టించుకుని, మధ్యాహ్నం బేరం లేని వేళ కొట్లో కుర్రాళ్ళని కూర్చోబెట్టి చూపించాడట. కుర్రాళ్ళకి ఇంగ్లీషు రాదు. మాటలన్నీ తెలుగులో చెబుతూ వచ్చాడట, ఓలకి సున్నాలు పెట్టాడట. నిచ్చెన రెండోసారి ఎక్కే చోట ఎవరూ చెప్పక్కర్లేకుండానే అందరూ నవ్వారని రాత్రి ఫోన్ చేసి చెప్పాడు.